పిల్లల పాటలో పెద్దల రాజకీయము



నేడు నేను మీకు మనవి చేయదలచిన విషయము పైకి చూచుటకు మిక్కిలి చిన్నది. ఒక గ్రామమున ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక క్రొత్త సంగీత రూపకమును ప్రదర్శించిరి. అది రాజకీయమును గూర్చినది. అందలి ముఖ్యపాత్రలు పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికలు. దానిని చూచిన తోడి విద్యార్థులు ఏమనుకొనిరి, పెద్దలు ఏమనుకొనిరి, ఆ రెండు అభిప్రాయములకు నడుమ ఎంత దూరమున్నది అనునదియే నా ప్రసంగము. ఆ రూపకమును మరల ఆడవలెనా, మానవలెనా యను తగవు మా యూరిలో ఇంకను తేలలేదు. అట్టి తగవు రేపు మీ యూరికిని రావచ్చును. కావున గ్రామపెద్దలు కొంచెము సేపు నా మాటలను ఆలకింప వేడుచున్నాను.

మొదట కథ చెప్పెదను. మాది కోనసీమలో కాలువగట్టున నున్న గ్రామము. మా పాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయిని వయస్సున చిన్నదైనను విద్యయందు శ్రద్ధ గలది. ఆమె తొమ్మిదవ తరగతి విద్యార్థులతో కూర్చుండి ఈ రూపకమును కూర్చెను. 2025 జనవరి 25వ తేదీ సాయంకాలము బడి ఆవరణమున దానిని ఆడిరి. ఆ దినము జాతీయ ఓటర్ల దినము. భారత ఎన్నికల సంఘము 1950 జనవరి 25వ తేదీన ఏర్పడినది గావున 2011 నుండి ఆ తేదీని దేశమంతట అట్లు జరుపుచున్నారు. సామాన్యముగ ఆ దినమున పిల్లలచే ప్రతిజ్ఞ చేయించి, ఊరేగింపు నడిపించి, మిఠాయి పంచి పంపుదురు. ఆ యేడు మా బడిలో పాట కూడ చేరినది.

రూపకమున ఒక బడిలో విద్యార్థి నాయకుని ఎన్నుకొనవలసి వచ్చును. పోటీకి ఇద్దరు నిలుతురు. ఒకతె కూలివాని కుమార్తె. ఆమె కోరునది ఒక్కటే: ఆడపిల్లల మరుగుదొడ్డిలోని కుళాయికి నీరు రావలెను. రెండవవాడు కలవారి బిడ్డ. వాడు చెడ్డవాడు కాడు. పాడును, ఆడును, అందరితో కలసిమెలసి యుండును. కాని వాని పినతండ్రి నడుమ ప్రవేశించి, ఎన్నిక యనగా ఎట్లు నడుపవలెనో వానికి నేర్పును. మరునాడు తరగతికి పెన్నులు వచ్చును. ఆ మరునాడు ఐసుక్రీము బండి వచ్చును. మూడవనాడు ‘వీడు మనవాడు’ అను గుసగుస వచ్చును. ఓట్లు లెక్కింపగా బాలుడు రెండు ఓట్లతో గెలుచును. చివరి రంగమున వాడు మెడలో పూలదండతో, నీరు రాని కుళాయి కడ ఒంటరిగ నిలుచుండును. డప్పు ఆగిపోవును. అంతటితో సరి.

సంగీతము విషయమై ఒక మాట. హార్మోనియము, తబల, డప్పు ఈ మూడే వాద్యములు. కొన్ని పాటలు కోలాటపు నడకలో, కొన్ని బుఱ్ఱకథ నడకలో కట్టిరి. బాలికల గొంతులు కొన్ని తావుల శ్రుతి తప్పినను తాళము తప్పలేదు. అన్నింటిలో జనమును పట్టినది పిల్లలు ‘కవరు పాట’ యని పిలుచు పాట. అందు ఐదుగురు బాలురు కండువాలు వేసికొని, మసితో మీసములు దిద్దుకొని, అరుగుమీద పెద్దలవలె కూర్చుందురు. చీకటిలో ఒకడు వచ్చి కవరులు పంచిపోవును. పుచ్చుకొనునపుడు ఒక్కొక్కరును ఒక్కొక్క సాకు పాటగ పాడుదురు. ఇది విని మొదట అందరము నవ్వితిమి. రెండవ చరణమునకు ముందువరుస కుర్చీలలో నవ్వు తగ్గినది. మూడవ చరణమునకు పిల్లలు మాత్రమే నవ్వుచుండిరి.

ముందువరుసలో కూర్చున్నవారెవరో మీకు చెప్పనక్కరలేదు. మరునాటి ఉదయమున వారిలో కొందరు ప్రధానోపాధ్యాయుని కడకు పోయిరి. ఆ సాయంకాలము నా యింటి అరుగుమీదికిని వచ్చిరి. “మాస్టారూ, మీరు ముప్పదియేండ్లు పాఠము చెప్పినవారు. పిల్లలచేత ఇట్టి పాటలు పాడించుట తగునా? చదువుకొను బడిలో రాజకీయమేల? తండ్రిని వేళాకోళము చేసిన పిల్లవాడు రేపు తండ్రి మాట వినునా?” అని యడిగిరి. మండల కేంద్రమున రెండవ ప్రదర్శనము జరుగవలసి యున్నది. అందు కవరు పాట ఉండరాదనియు, ఉన్నచో తమ పిల్లలను పంపమనియు వారి నిశ్చయము. ఉపాధ్యాయిని భయపడినది. ఉద్యోగస్థురాలు, పరాయి యూరినుండి వచ్చినది, భయపడుట సహజము.

ప్రధానోపాధ్యాయుడు వెంటనే అవునని గాని కాదని గాని చెప్పలేదు. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు తలకొక కాగితమిచ్చి, పేరు వ్రాయకుండ రూపకమును గూర్చి తమకు తోచినది వ్రాయుడని చెప్పెను. అరువదికి పైగా కాగితములు వచ్చినవి. అన్నింటిని చదివి సారాంశము చెప్పుమని నన్ను కోరెను. నేను రెండు రాత్రులు కూర్చుండి వానిని చదివితిని. ఆ కాగితములలోని మాటలను కొన్నింటిని పిల్లల వాడుకలోనే మీకు వినిపింతును. వానిని వ్యాకరణయుక్తముగ దిద్దినచో వాని బలము పోవును.

కొన్ని వట్టి సంతోషపు మాటలు. “పాటలు బాగున్నాయి. డప్పు ఇంకా గట్టిగా కొట్టాలి” అని ఒకడు వ్రాసెను. “ఐసుక్రీము నిజంది పెడితే ఇంకా బాగుండేది” అని మరియొకడు. పిల్లలు పిల్లలే గదా.

కాని చాల కాగితములలో ఒక వాదము నడిచినది. “ఆ అమ్మాయి ఎందుకు ఓడిపోవాలి? నాటకంలోనైనా గెలిపించకూడదా?” అని ఒక బాలిక వ్రాసెను. అక్షరములను బట్టి బాలిక యని యూహించితిని. దానికి జవాబువలె వేరొక కాగితమున, “గెలిపిస్తే అందరం చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్ళం. ఓడిపోయింది కాబట్టే రాత్రంతా మాట్లాడుకున్నాం” అని యున్నది. ఈ రెండు మాటల నడుమ కావ్యప్రయోజనమును గూర్చిన పెద్ద చర్చ యంతయు కలదు. మేము గురువుల కడ యేండ్ల తరబడి చదివినదానిని ఈ పిల్లలు ఒక సాయంకాలమున తాకిరి.

ఇక నొప్పి గలిగించిన మాటలు. ఒక కాగితమున ఇట్లున్నది: “మా ఇంట్లో తీసుకోలేదు. మా అమ్మ దండం పెట్టి పంపేసింది. పాటలో అందరూ తీసుకున్నట్టే పాడారు. మా అమ్మ అక్కడే కూర్చుని ఉంది.” వేరొక కాగితము ‘మనవాడు’ అను పాటను గూర్చినది. ఆ పాటలో ఏ కులము పేరును లేదు. కాని పాడుచు బాలురు సభలోనికి వ్రేలు చూపిరి. “నేను ఎవరివాడినో అంతవరకూ నాకు పట్టలేదు. వేలు చూపించినప్పుడు అందరూ నావైపు చూశారు. మర్నాడు నా పక్కన కూర్చునేవాడు కూడా అదోలా చూశాడు” అని ఆ బాలుడు వ్రాసెను. ఈ రెండు కాగితములను నేను విడిగ పెట్టితిని.

మరియొకటి పేదరికమును గూర్చినది: “డబ్బు తీసుకోవద్దని పాడటం తేలికే. ఆ నెల మా నాన్నకి పని లేదు. ఇచ్చినవాళ్ళని అడగకుండా తీసుకున్నవాళ్ళనే ఎందుకు నవ్వారు?” ఈ ప్రశ్నకు రూపకమున సమాధానము లేదు. నిజము చెప్పవలెనన్న మన దేశమున ఎవరి కడను తేలికైన సమాధానము లేదు. లేని దినమున చేతికందిన నోటును త్రోసివేయుమని కడుపు నిండినవాడు చెప్పుట సులభము. కాని ఆ పిల్లవాని న్యాయబుద్ధిని చూడుడు. నవ్వు ఎవరిమీద పడవలెనో వాడు మనకంటె సరిగ గుర్తించెను.

చివరకు ఒక కొంటె ప్రశ్న వచ్చినది. ఇది నాలుగైదు కాగితములలో కనబడినది: “పెన్ను తీసుకుని, ఓటు మనకి ఇష్టమైనవాళ్ళకే వేస్తే తప్పేంటి?” పెద్దలారా, ఈ మాటను మీరును వినియుందురు. ‘వాడిచ్చునది మన సొమ్మే గదా, పుచ్చుకొని మన యిష్టమువచ్చినట్లు వేయుదము’ అని అరుగులమీద చెప్పుకొనునదే యిది. పిల్లలు దీనిని ఎచ్చట నేర్చిరో వేరుగ చెప్పవలెనా?

దీనికి శాసనము ఏమి చెప్పుచున్నదో నేను పిల్లలకు చెప్పితిని, మీకును చెప్పెదను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 170వ విభాగము ఎన్నికలలో లంచమును గూర్చినది. ఇచ్చువానితో పాటు పుచ్చుకొనువాడును అపరాధియే. అంతియే కాదు. తాను చేయదలచుకొనని పనికై పుచ్చుకొన్నను, చేయని పనికి ప్రతిఫలముగ పుచ్చుకొన్నను, అదియు లంచము పుచ్చుకొన్నట్లే యగునని ఆ విభాగము స్పష్టముగ చెప్పుచున్నది. శిక్ష ఒక సంవత్సరము వఱకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని. తిండి, త్రాగుడు, వినోదముల రూపమున జరిగినదానికి మాత్రము జరిమానా యొక్కటే. ఇది వినగానే ఒక బాలుడు లేచి, “అయితే పెన్నుకు జైలు, ఐసుక్రీముకు జరిమానా అన్నమాట” అనెను. అందరును నవ్విరి. కాని వానికి విషయము తెలిసినది. ఈ నియమము క్రొత్తదియు కాదు. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో దీనిని 1920లోనే చేర్చిరి. అనగా కొంటెవాని యుక్తి నూరేండ్లకు పూర్వమే శాసనకర్తలకు తెలిసియుండెను.

శాసనముతో మాట ముగియలేదు. ఒక బాలిక లేచి, “శిక్ష పడదని తెలిస్తేనో?” అని యడిగెను. అప్పుడు నేను ఆమెకు కుళాయిని గుర్తుచేసితిని. పెన్ను పుచ్చుకొన్నవాడు వేరొకరికి ఓటు వేసినను, రేపు గెలిచినవానిని కుళాయి యేదని అడుగుటకు వానికి నోరు రాదు. ‘నీ పెన్ను నీకు ముట్టినది గదా’ అని వాడు అనును. ఓటును మాత్రమే కాదు, అడుగు హక్కును కూడ మనము ఆ కవరులో పెట్టి యిచ్చుచున్నాము. రూపకమున చివరి రంగమున డప్పు ఆగినపుడు వినబడని మాట ఇదియే యని నాకు తోచినది.

ఇక పెద్దలు నన్నడిగిన మొదటి ప్రశ్నకు వత్తును. బడిలో రాజకీయమేల?

ఈ మాటకు నేను వారిని తిరిగి ఒక ప్రశ్న యడిగితిని: “2024 మే 13వ తేదీన మన రాష్ట్రమున శాసనసభకును లోకసభకును ఒకే దినమున పోలింగు జరిగెను గదా. మీరు ఓటు ఎచ్చట వేసితిరి?” వారు కొంచెము తటపటాయించి, “బడిలోనే” అనిరి. అవును. తొమ్మిదవ తరగతి గదిలోనే వేసితిమి. పిల్లలు కూర్చుండు బల్లలను గోడకు జరిపి, అచ్చటనే యంత్రమును పెట్టిరి. రాజకీయమును బడిలోనికి పిల్లలు తెచ్చినది కాదు, మనము తెచ్చినదే. ఆ దినములలో వేసవి సెలవులు. పిల్లలు ఇండ్లలోనే యుండిరి. ఇంటికి ఎవరు వచ్చిరో, ఏమిచ్చిరో, తండ్రి ఏమనెనో, తల్లి ఏమనెనో వారు చూచిరి. చూచినదానిని పాడిరి. చూడనిదానిని కల్పించినచో అది దోషము. చూచినదానిని చెప్పినచో మనము కోపపడుట ఎట్లు?

పాటకును రాజకీయమునకును పొత్తు లేదని కొందరందురు. మన బుఱ్ఱకథను జ్ఞాపకము చేసికొనుడు. నడుమ కథకుడు, ఇరువైపుల ఇద్దరు వంతలు. ఆ ఇద్దరిలో ఒకరికి ‘హాస్యము’ అని పేరు, వేరొకరికి ‘రాజకీయము’ అనియే పేరు. పాత కథ చెప్పుచు నేటి లోకపు తీరును ఎత్తిచూపుట ఆ రెండవవాని పని. బుఱ్ఱకథకు ఎనలేని ప్రచారము దెచ్చిన షేక్ నాజరుగారికి 1986లో పద్మశ్రీ బిరుదము లభించినది. పాట ప్రక్కన రాజకీయమునకు పీట వేసి కూర్చుండబెట్టిన జాతి మనది.

విద్యార్థులు ఇట్టి నాటకము లాడుటయు క్రొత్త కాదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తాము రచించిన ‘వ్యవహార ధర్మబోధిని’ యను నాటకమును తమ విద్యార్థులచే ఆడించిరి. అందు న్యాయస్థానముల చుట్టు జరుగు మోసములను, వకీళ్ల నడవడిని ఎండగట్టిరి. తెలుగున ఆధునిక నాటక ప్రదర్శనము దానితోనే మొదలైనదని చెప్పుదురు. అనగా మన రంగస్థలము బడిపిల్లలతోడను, పెద్దమనుష్యుల యక్రమములతోడను పుట్టినది. గోదావరి గట్టున మొదలైన ఆ సంప్రదాయమును అదే గోదావరి పాయల నడుమనున్న మా యూరి పిల్లలు కొనసాగించినచో తప్పేమి?

మరియు 1907లో బిపిన్ చంద్ర పాల్ గారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిన పిదప విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు పోయి శిక్షల పాలైరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ట్రైనింగు కళాశాలనుండి తొలగించిరి. 1938లో హైదరాబాదున వందేమాతర గీతమును పాడినందులకు ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు పలువురు వెడలగొట్టబడిరి. వారిలో అనేకులు నాగపురమునకు పోయి చదువు సాగించిరి. అట్లు పోయిన విద్యార్థులలో ఒకరైన పి.వి. నరసింహారావుగారు 1991లో ఈ దేశమునకు ప్రధానమంత్రి యైరి. ఈ కథలను మనము పిల్లలకు గర్వముతో చెప్పుదుము. పరీక్షలలో ప్రశ్నగ నిత్తుము. అప్పటి విద్యార్థులు పాడినచో దేశభక్తి యందుము, నేటి విద్యార్థులు పాడినచో తలబిరుసుతన మందుము. భేద మెచ్చట నున్నది? ఆ పాటలు పరాయి ప్రభుత్వమును, దూరపు ప్రభువును గూర్చినవి. ఈ పాట మన యరుగును గూర్చినది. కటువుగ తోచుటకు కారణ మదియే.

రెండవ ప్రశ్న బరువైనది. పెద్దలను వేళాకోళము చేసిన పిల్లలకు పెద్దలయెడ గౌరవము నిలుచునా? ఈ ప్రశ్నను నేను తేలికగ త్రోసివేయను. గౌరవము లేని యిల్లు ఇల్లు కాదు. కాని మహాభారతమున సభాపర్వమును ఒక్కసారి తలచుకొందము. ద్రౌపది నిండుసభలో నిలువబడి తాను ధర్మముగ ఓడితినా లేదా యని ప్రశ్నించినది. భీష్మద్రోణాదులు, కృపుడు, ధృతరాష్ట్రుడు, అందరును పెద్దలే, అందరును అచ్చటనే యుండిరి. ఎవరును తెగించి తీర్పు చెప్పలేదు. లేచి చెప్పినవాడు కౌరవులలోనే చిన్నవాడగు వికర్ణుడు. కర్ణుడు వానిని చూచి, బాలుడవు, పెద్దలు ఊరకుండగా నీకేల యని గద్దించెను. నేటి వఱకు మనము ఆ కథ చెప్పునపుడు వికర్ణునకు గౌరవము తెలియదని అనము. ఆ సభలో గౌరవమును కాపాడినవాడు వాడే యందుము. పెద్దల గౌరవము పిల్లల మౌనముచేత నిలుచునది కాదు, పెద్దల నడవడిచేత నిలుచునది.

ఐనను పిల్లలు పాడినదంతయు సరియే యని నేను చెప్పుట లేదు. విడిగ పెట్టిన ఆ రెండు కాగితములను నేను విద్యార్థులందరి యెదుట చదివితిని. వ్రాసినవారెవరో ఎవరికిని తెలియదు. చదివిన పిదప చాలసేపు ఎవరును మాటాడలేదు. అంతట కవరు పాట పాడిన బాలుడే లేచి, “అందరూ అని పాడటం అబద్ధమే కదండీ” అనెను. అప్పుడు వారిలో వారికి పెద్ద చర్చ జరిగినది. ఉపాధ్యాయిని గాని నేను గాని నడుమ మాటాడలేదు. వారు చేసిన మార్పులు మూడు. మొదటిది, పాటలో ‘అందరు’ అను మాటను తీసి ‘కొందరు’ అను మాటను పెట్టిరి. తాళమునకు భంగము రాలేదు. వ్యాకరణము చెప్పిన నాకు ఆ యొక్క మాట మార్పు ఎంత పెద్దదో తెలియును. న్యాయమునకును నిందకును ఉన్న దూరము ఆ రెండు పదముల నడుమనే యున్నది. రెండవది, కవరు పంచువాడు నాలుగవ యింటికి పోగా ఒక తల్లి చేతులు జోడించి వానిని వెనుకకు పంపివేయు ఘట్టమును చేర్చిరి. ఆ తల్లికి పాట లేదు, మాట లేదు. నమస్కారము మాత్రమే. మూడవది, ‘మనవాడు’ పాటలో సభలోనికి వ్రేలు చూపుట మాని, పాడువారు ఒకరినొకరు చూపుకొందురు.

పని లేని తండ్రిని గూర్చిన ప్రశ్నకు మాత్రము వారు పాట కట్టలేకపోయిరి. “ఇచ్చేవాడిని నవ్వించే పాట మాకు రావడం లేదు, వాడిని చూస్తే భయమే వేస్తోంది” అని ఒక బాలిక చెప్పినది. నేను ఆ మాటను మరువలేకున్నాను.

పెద్దలారా, మనము రాజకీయ సభలకు పోవుదుము. అచ్చట ఎదుటివాడు మాటాడిన దానిలో మంచి యున్నచో ఒప్పుకొని, తన మాటను దిద్దుకొన్న నాయకుని ఎన్నడైన చూచితిరా? ఈ పిల్లలు ఒక మధ్యాహ్నమున ఆ పని చేసిరి. ఎవరి మనస్సు నొచ్చినదో తెలిసికొనిరి, తమ తప్పు తామే దిద్దుకొనిరి, కాని నిజమును మాత్రము విడువలేదు. కవరు పాటను తీసివేయలేదు. ప్రజాప్రభుత్వమునకు ఇంతకంటె మంచి పాఠము నేను ముప్పదియేండ్లలో చెప్పియుండలేదు. నల్లబల్లమీద వ్రాసిన పాఠము పరీక్షతో పోవును, తాము వాదించుకొని నేర్చిన పాఠము నిలుచును.

కొందరు, ‘ఓటు లేని పిల్లలకు ఈ గొడవ ఏల?’ అందురు. ఒక కాగితమున ఒక విద్యార్థియు ఇట్లే, “మాకు ఓటు లేదు కదా, మమ్మల్ని ఎందుకు అడుగుతున్నారు?” అని వ్రాసెను. లెక్క చూడుడు. మన దేశమున ఓటునకు వయస్సు మొదట 21 సంవత్సరములు. రాజ్యాంగమునకు చేసిన 61వ సవరణము 1989 మార్చినుండి అమలునకు వచ్చి దానిని 18 సంవత్సరములకు తగ్గించెను. 2022 నుండి 17 ఏండ్లు నిండినవారు ముందుగనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పూర్వము జనవరి 1వ తేదీ యొక్కటే వయోనిర్ణయమునకు ప్రమాణము. ఇప్పుడు ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 తేదీలు కూడ చేరినవి. 2025లో తొమ్మిదవ తరగతి చదివిన మా బాలబాలికలు 2029 నాటికి ఓటర్లగుదురు. శాసనసభకు ఐదేండ్ల గడువు నిండునది ఆ యేటనే. ఆ దినమున వారి యింటికిని ఒకడు చీకటిలో కవరుతో వచ్చును. అప్పుడు వారికి గుర్తు రావలసినది ఏది? అరుగుమీద మన మాటలా, తాము దిద్దిన పాటయా?

ఇక మిగిలిన తగవు ఒక్కటి. కవరు పాటలో ముఖ్యపాత్రను ధరించిన బాలుడు కండువాను ముమ్మారు మడచి భుజమున వేసికొను తీరు, దగ్గి గొంతు సవరించుకొను తీరు అచ్చముగ తన తండ్రివే. ఊరివారందరును గుర్తుపట్టిరి. తండ్రియు గుర్తుపట్టెను. రెండు దినములు కొడుకుతో మాటాడలేదు. మూడవనాడు భోజనపు వేళ, “కండువా మడత నాకంటె బాగా వేశావురా” అని మాత్రము అనెనట. రెండవ ప్రదర్శనమునకు పంపునో పంపడో ఇంకను చెప్పలేదు. ఆ బాలుడు లేనిదే ఆ పాట లేదు. వానిని బలవంతము చేయుటకు ఉపాధ్యాయులకు హక్కు లేదు, నాకును లేదు. తండ్రి అనుమతి తండ్రి చేతిలోనిదే.

కావున నేను ఆ తండ్రికిని, అట్టి తండ్రులందరికిని ఈ రేడియో ద్వారమున చేయు మనవి యిది. బాలుని పంపుడు. మిమ్ములను అవమానించుటకు వాడు మిమ్ములను అనుకరింపలేదు. లోకమున వాడు శ్రద్ధతో చూచిన మొదటి మనుష్యులు మీరు. మీ కండువా మడతను గుర్తుంచుకొన్న కన్నులు మీ చేతిలోని కవరును చూడకుండునా? మీరును వెళ్లి ముందువరుసలోనే కూర్చుండుడు. నవ్వు వచ్చినచో నవ్వుడు, రానిచో ఊరకుండుడు. నాలుగవ యింటి తల్లి నమస్కరించునపుడు మాత్రము చుట్టు కూర్చున్న పిల్లల ముఖములను చూడుడు. వారు ఆ ఘట్టమున నవ్వరు.

ఇతర గ్రామములవారికి నేను చెప్పునది కొంచెమే. మీ బడిలో పిల్లలు ఇట్టి రూపకము కట్టినచో ఆపింపకుడు. కట్టనిచో కట్టుడని ఉపాధ్యాయులను ప్రోత్సహింపుడు. ఆడిన పిదప పిల్లలను ఏమనుకొనిరో యడుగుడు. పేరు లేని కాగితములే తీసికొనుడు, నిజము బయటికి వచ్చును. వచ్చిన నిజములో మనకు తగిలినదానిని మనము దిద్దుకొందము, పిల్లలకు తగిలినదానిని వారు దిద్దుకొందురు. మా బడిలో పిల్లల వంతు పూర్తియైనది. మన వంతు మిగిలియున్నది.

ఒక్క సంగతి చెప్పి విరమింతును. రూపకమున కుళాయికి నీరు రాలేదు. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి కుళాయికిని చాలకాలముగ నీరు లేదు. పిల్లలు కథకై దానిని కల్పింపలేదు. ప్రదర్శనమునకు వచ్చిన పెద్దలలో కవరు పాటను గూర్చి ఫిర్యాదు చేసినవారు పలువురు గలరు. కుళాయిని గూర్చి అడిగినవారు ఇంతవరకు ఒక్కరును లేరు. నేను రేపు ఉదయమున ఆ విషయమై పంచాయతి కార్యాలయమునకు పోవుచున్నాను. మా యూరి పెద్దలెవరైన ఈ ప్రసంగమును వినుచున్నచో నాతో కూడ రండు.